ప్రసవపూర్వ స్టెరాయిడ్ చికిత్స

నెలలు నిండకముందే కాన్పు అయ్యే ప్రమాదం ఉన్న గర్భిణికి, కడుపులోని బిడ్డ అవయవాలు త్వరగా పరిపక్వత పొందడానికి కార్టికోస్టెరాయిడ్ సూదిమందు ఇవ్వడాన్ని ప్రసవపూర్వ స్టెరాయిడ్ చికిత్స అంటారు. సూది వేసేది తల్లికే అయినా మందు ఉద్దేశించినది బిడ్డకు. డెక్సామెథసోన్, బీటామెథసోన్ అనే రెండు మందులను ఇందుకు వాడతారు. ఈ చికిత్స వలన నెలలు నిండని శిశువులలో శ్వాసకష్టం, మెదడులో రక్తస్రావం, మరణాలు తగ్గుతాయని అనేక పరిశోధనలలో రుజువైనది. అయితే ఈ మందు మేలు చేయాలంటే సరైన గర్భిణికి, సరైన వారంలో, పుట్టిన బిడ్డను సంరక్షించగల ఆసుపత్రి అందుబాటులో ఉండగా ఇవ్వాలి. ఈ మూడింటిలో ఏది లోపించినా మేలు తగ్గుతుంది. కొన్ని సందర్భాలలో కీడు కూడా కలుగవచ్చు.

నేపథ్యం

సాధారణంగా గర్భధారణ కాలం, చివరి బహిష్టు మొదటి రోజు నుండి లెక్కించితే, 40 వారాలు. 37 వారాలు నిండకముందు జరిగే కాన్పును అకాల ప్రసవం అని, అలా పుట్టిన బిడ్డను నెలలు నిండని శిశువు అని అంటారు. 2020లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 1 కోటి 34 లక్షల మంది శిశువులు నెలలు నిండకుండా పుట్టారని అంచనా. వీరిలో సుమారు 30 లక్షల మంది భారతదేశంలోనే పుట్టారు. ఇది ఏ దేశంలోనైనా అత్యధిక సంఖ్య.

నెలలు నిండని శిశువుకు ముందుగా ఎదురయ్యే గండం శ్వాస. ఊపిరితిత్తులలోని వాయుగోణుల లోపలి గోడలపై సర్ఫాక్టెంట్ అనే జిడ్డు పదార్థం పలుచని పూతలాగ ఉంటుంది. ఇది తలతన్యతను తగ్గించి, గాలి వదిలినప్పుడు వాయుగోణులు ముడుచుకుపోకుండా కాపాడుతుంది. సర్ఫాక్టెంట్ తయారీ సుమారు 24వ వారంలో మొదలైనా, తగినంత పరిమాణానికి చేరేది 34-35 వారాలకు. అంతకుముందే పుట్టిన బిడ్డ ప్రతి శ్వాసకు ముడుచుకుపోయిన ఊపిరితిత్తులను తిరిగి తెరవవలసి వస్తుంది. కొన్ని గంటలలోనే బిడ్డ అలసిపోతుంది. దీనినే శ్వాసకష్ట సిండ్రోమ్ అంటారు. ఈ వ్యాధికి మూలం సర్ఫాక్టెంట్ లోపమేనని మేరీ ఎలెన్ ఏవరీ, జెరె మీడ్ అనే అమెరికన్ శాస్త్రవేత్తలు 1959లో చూపించారు. 1963 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు జాన్ ఎఫ్. కెనెడీ కుమారుడు పాట్రిక్ సుమారు అయిదున్నర వారాలు ముందుగా పుట్టి, ఈ వ్యాధితోనే రెండు రోజులలోపు మరణించాడు. ఆనాటికి దీనికి చికిత్స లేదు.

చరిత్ర

ఈ చికిత్సకు దారి చూపినది ఒక గొర్రెపిల్ల. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ నగరంలో గ్రాహం లిగ్గిన్స్ అనే ప్రసూతి వైద్యుడు నొప్పులు ఎలా మొదలవుతాయో తెలుసుకోవడానికి గొర్రెలపై ప్రయోగాలు చేస్తుండేవాడు. గర్భంలోని పిల్లలకు డెక్సామెథసోన్ ఎక్కించగా అవి నెలలు నిండకముందే పుట్టాయి. అంత ముందుగా పుట్టిన పిల్లలు ఊపిరి తీయలేక చనిపోవలసి ఉండగా, కొన్ని ఊపిరి తీసుకోగలిగాయి. వాటి ఊపిరితిత్తులు కొంతవరకు గాలితో నిండి ఉండటం లిగ్గిన్స్ గమనించాడు. ఈ ఫలితాలను 1969లో ప్రచురించాడు.

తరువాత శిశువైద్యుడు రాస్ హౌవీతో కలిసి ఆక్లాండ్‌లోని నేషనల్ ఉమెన్స్ ఆసుపత్రిలో 282 మంది తల్లులపై తొలి పరీక్ష జరిపాడు. కొందరికి బీటామెథసోన్, మరికొందరికి పోలిక కోసం వేరే సూది ఇచ్చారు. 1972లో వెలువడిన ఫలితాల ప్రకారం శ్వాసకష్ట సిండ్రోమ్ రెండవ వర్గంలో 25.8 శాతం శిశువులకు రాగా, బీటామెథసోన్ పొందిన వర్గంలో 9 శాతానికే వచ్చింది. తొలి వారపు మరణాలు 15 శాతం నుండి 3.2 శాతానికి తగ్గాయి.

ఇంత స్పష్టమైన ఫలితం వచ్చినా వైద్యులు దీనిని వెంటనే విస్తృతంగా స్వీకరించలేదు. తరువాతి పరీక్షలు చాలావరకు చిన్నవి కావడంతో విడివిడిగా చూస్తే కొన్నింటి ఫలితం సందిగ్ధంగా కనిపించేది. 1990లో ప్యాట్రిషియా క్రౌలీ బృందం వాటన్నిటిని కలిపి లెక్కించి మేలు నిస్సందేహమని తేల్చింది. 1994లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల నిపుణుల సంఘం ఈ చికిత్సను సిఫారసు చేసిన తరువాతనే వాడకం వేగంగా పెరిగింది. అంటే తొలి పరీక్షకు, విస్తృత వాడకానికి మధ్య రెండు దశాబ్దాలకు పైగా గడిచాయి. ఆ ఆలస్యాన్ని గుర్తుచేస్తూ, 1993లో ఏర్పడిన కొక్రేన్ సంస్థ ఈ చికిత్సపై జరిగిన ఏడు పరీక్షల రేఖాచిత్రాన్నే తన చిహ్నంగా స్వీకరించింది.

పనిచేసే విధానం

వ్యాయామశాలలలో కండలు పెంచడానికి కొందరు వాడే స్టెరాయిడ్లు వేరు, ఇవి వేరు. మూత్రపిండాలపై ఉండే అధివృక్క గ్రంథులు స్రవించే కార్టిసోల్ అనే హార్మోనుకు ఇవి కృత్రిమ రూపాలు. సహజ గర్భంలో చివరి వారాలలో బిడ్డ శరీరంలో కార్టిసోల్ దానంతటదే పెరుగుతుంది. అవయవాలు ఎదుగుదల దశ నుండి బయటి జీవితానికి సిద్ధమయ్యే దశకు మారడానికి ఇది సంకేతం. ముందుగా పుట్టే బిడ్డకు ఈ సంకేతం అందకముందే కాన్పు అయిపోతుంది. ఈ చికిత్స ఆ సంకేతాన్ని కొన్ని వారాలు ముందుకు జరుపుతుంది.

తల్లి రక్తంలోని కార్టిసోల్ ఎక్కువగా బిడ్డకు చేరకుండా మాయలోని ఒక ఎంజైము దానిని నిష్క్రియం చేస్తుంది. ప్రెడ్నిసొలోన్ వంటి మందులు కూడా ఇక్కడే చాలావరకు ఆగిపోతాయి. డెక్సామెథసోన్, బీటామెథసోన్ ఈ ఎంజైముకు అంతగా లొంగవు. అందుకే ఈ రెండింటినే ఎంచుకున్నారు. ఈ రెండు మందుల అణువుల మధ్య తేడా ఒక మిథైల్ సమూహం ఏ వైపు తిరిగి ఉన్నది అన్నది మాత్రమే. బిడ్డ కణాలలో చేరిన మందు అక్కడి గ్రాహకాలతో కలిసి కేంద్రకంలోకి వెళ్ళి, కొన్ని జన్యువులను మేల్కొలిపి, కొన్నింటిని నిద్రపుచ్చుతుంది. ఈ మార్పుల నుండి కొత్త ప్రోటీనులు తయారు కావడానికి గంటలు పడుతుంది. కనుక మందు ఇచ్చిన వెంటనే పూర్తి ఫలితం కనిపించదు.

అవయవాలపై ప్రభావం

ఊపిరితిత్తులు: వాయుగోణులలోని రెండవ రకం కణాలు త్వరగా పరిణతి చెంది సర్ఫాక్టెంట్ తయారీ పెరుగుతుంది. వాయుగోణుల మధ్య గోడలు పలుచబడి ప్రాణవాయువు రక్తంలోకి సులభంగా చేరుతుంది. గర్భంలో ఉండగా ఊపిరితిత్తులను నింపి ఉండే ద్రవం పుట్టిన తరువాత త్వరగా ఇంకిపోతుంది. 2020 నాటి కొక్రేన్ సమీక్ష 27 పరీక్షలను పరిశీలించి, ఈ చికిత్స వలన శ్వాసకష్ట సిండ్రోమ్ 29 శాతం, నవజాత శిశు మరణాలు 22 శాతం తగ్గుతాయని లెక్క కట్టింది. ఐతే జంతువులలో జరిపిన ప్రయోగాలలో వాయుగోణుల విభజన మందగించి, వాటి సంఖ్య తగ్గినట్లు కూడా తెలిసింది. అంటే ఊపిరితిత్తి త్వరగా పండుతుంది గాని, పూర్తిగా పెరిగిన తరువాత పండినట్లు కాదు.

మెదడు: నెలలు నిండని శిశువు మెదడులో కోష్ఠకాల అంచున ఉండే రక్తనాళాలు ఎంతో పెళుసుగా ఉంటాయి. రక్తపోటులో చిన్న హెచ్చుతగ్గులకే చిట్లుతాయి. స్టెరాయిడ్ ఈ నాళాల గోడలను గట్టిపరుస్తుంది. పైన చెప్పిన సమీక్ష ప్రకారం ఈ రక్తస్రావం 42 శాతం తగ్గుతుంది. మరోవైపు, మందు పదేపదే ఇచ్చిన జంతువుల పిల్లలలో మెదడు బరువు తగ్గడం, నాడీతంతువులపై మైలిన్ తొడుగు ఆలస్యంగా ఏర్పడటం కనిపించింది.

గుండె, రక్తప్రసరణ: పుట్టిన తొలి గంటలలో రక్తపోటు నిలకడగా ఉంటుంది. రక్తపోటును నిలబెట్టే మందుల అవసరం తగ్గుతుంది.

ప్రేగులు: ప్రేగు లోపలి పొర గట్టిపడి, జీర్ణ ఎంజైములు త్వరగా తయారవుతాయి. నెలలు నిండని శిశువుల ప్రేగు కుళ్ళి చిల్లులు పడే నెక్రోటైజింగ్ ఎంటిరోకొలైటిస్ అనే ప్రమాదకరమైన వ్యాధి సుమారు సగానికి తగ్గుతుంది.

కాలేయం, రక్తంలో చక్కెర: కాలేయంలో గ్లైకోజెన్ నిల్వ పెరుగుతుంది. కానీ తల్లి రక్తంలో చక్కెర కొన్ని రోజులపాటు పెరగడం వలన బిడ్డ శరీరం ఎక్కువ ఇన్సులిన్ స్రవిస్తుంది. పుట్టగానే తల్లి నుండి చక్కెర సరఫరా ఆగిపోతుంది గనుక బిడ్డ రక్తంలో చక్కెర పడిపోవచ్చు. 34 నుండి 36 వారాల మధ్య కాన్పులపై అమెరికాలో జరిగి 2016లో వెలువడిన పరీక్షలో చికిత్స పొందిన వర్గంలో 24 శాతం శిశువులకు, పొందని వర్గంలో 15 శాతం శిశువులకు ఇలా జరిగింది. కనుక ఈ శిశువులకు పుట్టిన తొలి గంటలలో చక్కెర పరీక్ష చేసి, త్వరగా పాలు పట్టించాలి.

మూత్రపిండాలు: లవణాలను, నీటిని సమతూకంలో ఉంచే సామర్థ్యం త్వరగా వస్తుంది. అయితే రక్తాన్ని వడపోసే నెఫ్రాన్లు ఏర్పడటం సుమారు 36వ వారం వరకు కొనసాగుతుంది. గొర్రెలలో స్టెరాయిడ్ వలన నెఫ్రాన్ల సంఖ్య తగ్గినట్లు కనుగొన్నారు.

అధివృక్క గ్రంథులు: బయటి నుండి స్టెరాయిడ్ అందడంతో బిడ్డ స్వంత గ్రంథులు కొంతకాలం మందగిస్తాయి. ఒక కోర్సు తరువాత ఇది తాత్కాలికమే.

ఎదుగుదల: ఒక్క కోర్సు వలన బరువులో గణనీయమైన మార్పు ఉండదు. 2008లో వెలువడిన ఒక అంతర్జాతీయ పరీక్షలో, ప్రతి రెండు వారాలకు ఒకసారి కోర్సు ఇచ్చినప్పుడు బిడ్డల బరువు, పొడవు, తల చుట్టుకొలత తగ్గాయి. అదనపు ప్రయోజనం కనిపించలేదు. అందువలన కోర్సును ఇష్టానుసారం పునరావృతం చేయరాదు.

మోతాదు, సమయం

డెక్సామెథసోన్ అయితే 6 మిల్లీగ్రాముల చొప్పున 12 గంటలకు ఒకసారి నాలుగు సూదులు, బీటామెథసోన్ అయితే 12 మిల్లీగ్రాముల చొప్పున 24 గంటల తేడాతో రెండు సూదులు కండరానికి ఇస్తారు. రెండింటిలోను మొత్తం 24 మిల్లీగ్రాములే. తొలి సూది తరువాత 24 గంటల నుండి 7 రోజుల లోపల కాన్పు జరిగితే ఎక్కువ మేలు కలుగుతుంది. అంతకన్నా ముందే కాన్పు జరిగినా కొంత ప్రయోజనం ఉన్నది గనుక, "సమయం చాలదు" అని తొలి సూదిని ఆపరాదు. నొప్పులను ఒకటి రెండు రోజులు వాయిదా వేయడానికి నిఫెడిపిన్ వంటి మందులను వాడతారు. ఆ వాయిదా ఉద్దేశం కూడా స్టెరాయిడ్ పనిచేయడానికి, తల్లిని పెద్ద ఆసుపత్రికి తరలించడానికి వ్యవధి సంపాదించడమే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 సిఫారసుల ప్రకారం 24 నుండి 34 వారాల మధ్య గర్భానికి ఈ చికిత్స ఇవ్వవచ్చు. దీనికి కొన్ని షరతులున్నాయి: గర్భం వయసు కచ్చితంగా తెలిసి ఉండాలి, కాన్పు త్వరలో జరిగే అవకాశం ఎక్కువగా ఉండాలి, తల్లికి ఇన్ఫెక్షన్ లక్షణాలు ఉండరాదు, కాన్పుకు, నెలలు నిండని శిశువు సంరక్షణకు తగిన ఏర్పాట్లు ఉండాలి. 34 నుండి 37 వారాల మధ్య ముందుగా నిర్ణయించుకొన్న సిజేరియన్లకు దీనిని ఆ సంస్థ సిఫారసు చేయలేదు.

భారతదేశంలో

భారత ప్రభుత్వం 2014 జూన్‌లో ఈ చికిత్సపై మార్గదర్శకాలను విడుదల చేసింది. చవకగా, విరివిగా దొరికే డెక్సామెథసోన్‌ను ఎంచుకొని, 24 నుండి 34 వారాల మధ్య నొప్పులు వచ్చిన గర్భిణికి ఉపకేంద్రంలోని ఏఎన్ఎం సైతం తొలి సూది ఇచ్చి పై ఆసుపత్రికి పంపవచ్చునని అందులో సూచించింది. దేశంలో మామూలుగా లభించే 2 మిల్లీలీటర్ల సీసాలో 8 మిల్లీగ్రాముల మందు ఉంటుంది గనుక ఒక మోతాదుకు 1.5 మిల్లీలీటర్లు సరిపోతుంది.

మరుసటి సంవత్సరమే ఈ విధానాన్ని ప్రశ్నించే ఫలితం వెలువడింది. భారతదేశంలోని బెళగావి, నాగపూర్ ప్రాంతాలతో సహా ఆరు దేశాలలో జరిగిన పరీక్షను 2015లో ప్రచురించారు. గ్రామస్థాయి సిబ్బందికి శిక్షణ ఇచ్చి స్టెరాయిడ్ వాడకాన్ని పెంచిన ప్రాంతాలలో అతి తక్కువ బరువు బిడ్డల మరణాలు తగ్గలేదు. పైగా మొత్తం నవజాత మరణాలు ప్రతి వేయి సజీవ జననాలకు 23.9కి బదులు 27.4గా నమోదైనవి. తల్లులలో ఇన్ఫెక్షన్లు కూడా పెరిగాయి. మందు పొందిన గర్భిణులలో అత్యధికులు చివరకు అతి తక్కువ బరువు బిడ్డలను కనలేదు. అంటే అవసరం లేని బిడ్డలెందరికో మందు చేరింది.

దీనితో పేద దేశాలలో ఈ చికిత్స పనికిరాదా అన్న సందేహం తలెత్తింది. దానిని తీర్చడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్, బంగ్లాదేశ్, పాకిస్తాన్, కెన్యా, నైజీరియా దేశాలలోని 29 ఆసుపత్రులలో 2,852 మంది గర్భిణులపై మరొక పరీక్ష జరిపింది. ఇందులో గర్భం వయసును అల్ట్రాసౌండ్ ద్వారా నిర్ధారించారు. నవజాత శిశు సంరక్షణ ఉన్న ఆసుపత్రులనే ఎంచుకొన్నారు. 2020లో ప్రచురించిన ఫలితాలలో నవజాత మరణాలు 23.5 శాతం నుండి 19.6 శాతానికి తగ్గాయి. తల్లులలో ఇన్ఫెక్షన్లు పెరగలేదు. రెండు పరీక్షలలోను వాడినది డెక్సామెథసోనే. మందు మారలేదు, దానిని ఇచ్చిన పరిస్థితులు మారాయి.

నిజామాబాదు ప్రాంతంలో

ఈ షరతులు ఆచరణలో ఏమి కోరుతాయో నిజామాబాదు జిల్లా ఉదాహరణగా చూడవచ్చు. గోదావరిపై శ్రీరాంసాగర్ ప్రాజెక్టు ఉన్న పోచంపాడ్ 44వ జాతీయ రహదారికి సమీపంలో ఉన్నది. అక్కడి గర్భిణి జిల్లా కేంద్రానికి రావాలంటే ఆర్మూరు మీదుగా 63వ జాతీయ రహదారిపై ప్రయాణించాలి. చెరకు ప్రాంతమైన బోధన్ అదే 63వ రహదారిపై నిజామాబాదుకు మరోవైపున ఉన్నది. నిజామాబాదులో 2013లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైనది. మరింత ఉన్నత చికిత్స కోసం సుమారు 175 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాదుకు, ముఖ్యంగా 1953లో ప్రారంభమైన నీలోఫర్ ఆసుపత్రికి వెళ్ళవలసి ఉంటుంది. 2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్సు సేవ ఈ ప్రయాణాన్ని తేలిక చేసింది.

ప్రయాణం గంటలలో ముగుస్తుంది; మందు పూర్తిగా పనిచేయడానికి ఒక రోజు కావాలి. కనుక బయలుదేరే ముందే తొలి సూది పడితే, దారిలో గడిచే సమయం కూడా బిడ్డకు కలిసివస్తుంది. మొదటి చోట సూది వేసిన సమయాన్ని పంపే చీటీపై రాయకపోతే తరువాతి ఆసుపత్రిలో మోతాదు తప్పిపోవచ్చు, లేదా కోర్సు మళ్ళీ మొదటి నుండి మొదలు కావచ్చు. కడుపులో ఉండగానే బిడ్డను తరలించడం పుట్టిన తరువాత తరలించడం కన్నా క్షేమకరం.

గర్భం వయసు తెలియడం మరొక ముఖ్య విషయం. చివరి బహిష్టు తేదీ గుర్తులేని స్త్రీని ఆరోగ్య కార్యకర్తలు పండుగల గుర్తుతో అడుగుతారు: బతుకమ్మకు ముందా తరువాతా, సంక్రాంతికి ఎన్ని రోజులు అని. ఈ లెక్కలో రెండు మూడు వారాల తేడా రావచ్చు. 32 వారాలనుకొన్నది నిజానికి 36 వారాలైతే బిడ్డకు అవసరం లేని మందు చేరుతుంది. తొలి మూడు నెలలలో చేసిన అల్ట్రాసౌండ్ అయితే వారం లోపు తేడాతో వయసు చెప్పగలదు. బీడీలు చుట్టే పనికో, చెరకు, పసుపు చేలకో వెళ్ళే స్త్రీలు ఆ తొలి నెలలలోనే పేరు నమోదు చేయించుకొని స్కానింగు చీటీని దాచుకోవడం, తరువాత అవసరమైతే ఈ సూదిమందు సరిగా వాడటానికి ఆధారమవుతుంది.

తెలంగాణలో 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 97 శాతం కాన్పులు ఆసుపత్రులలోనే జరుగుతున్నాయి. ఇది ఈ చికిత్సకు అనుకూలమైన పరిస్థితి. అదే సర్వేలో సిజేరియన్లు 60.7 శాతంగా తేలాయి. వైద్య కారణమేదీ లేని సిజేరియన్‌ను 39 వారాలు నిండకముందు చేయకుంటే, ఊపిరితిత్తులు సహజంగానే పరిణతి చెందుతాయి గనుక స్టెరాయిడ్ అవసరమే రాదు.

దీర్ఘకాలిక ప్రభావాలు

ఆక్లాండ్ తొలి పరీక్షలో పుట్టిన శిశువులను పరిశోధకులు పెద్దయ్యేవరకు గమనించారు. 30 ఏళ్ళ వయసులో వారి రక్తపోటులో తేడా కనిపించలేదు. ఇన్సులిన్ నిరోధకత మాత్రం స్వల్పంగా పెరిగింది. 50 ఏళ్ళ వయసులోను గుండె జబ్బుల ముప్పు పెరిగినట్లు తేలలేదు.

ఫిన్లాండ్‌లో 6 లక్షల 70 వేల మంది పిల్లల వివరాలను పరిశీలించి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, గర్భంలో స్టెరాయిడ్ పొందిన పిల్లలలో మానసిక, ప్రవర్తనా సమస్యలు ఎక్కువగా నమోదైనవి. మందు పొందినా నెలలు నిండాక పుట్టిన పిల్లలలో ఈ సంబంధం ముఖ్యంగా కనిపించింది. ఇది పరిశీలన మాత్రమే గనుక మందే కారణమని చెప్పలేము. స్టెరాయిడ్ ఇవ్వవలసి వచ్చిన గర్భాలలో వేరే సమస్యలు కూడా ఉండవచ్చు. అయినప్పటికీ, నిజంగా ముందుగా పుట్టబోయే బిడ్డకే ఈ మందు ఇవ్వాలన్న నియమానికి ఇది మరొక ఆధారం. 28 వారాల బిడ్డ విషయంలో ప్రాణం, మెదడు రెండింటినీ కాపాడే అవకాశంతో పోల్చితే ఈ ముప్పు చిన్నది. నెలలు నిండి పుట్టే బిడ్డకు మందు వలన కలిగే లాభం లేదు. ముప్పు మాత్రమే మిగులుతుంది.

పుట్టిన తరువాత

స్టెరాయిడ్ ఒక్కటే బిడ్డను బ్రతికించదు. పుట్టిన బిడ్డకు వెచ్చదనం, తల్లిపాలు, ఇన్ఫెక్షన్ల నుండి రక్షణ, అవసరమైతే ముక్కు ద్వారా నిరంతర పీడనంతో గాలి అందించే సీప్యాప్ పరికరం, కృత్రిమ సర్ఫాక్టెంట్ కావాలి. 1978లో కొలంబియా దేశపు బొగోటా నగరంలో మొదలైన కంగారూ పద్ధతిలో తల్లి తన బిడ్డను చర్మానికి చర్మం తగిలేలా రొమ్ములపై ఉంచుకొంటుంది. దీనికి యంత్రాలు అవసరం లేదు. తల్లికి బదులుగా తండ్రి గాని, అమ్మమ్మ, నాయనమ్మలు గాని కొంతసేపు ఈ పని చేయవచ్చు. ఇంటికి వెళ్ళిన తరువాత బిడ్డ చూపు, వినికిడి, ఎదుగుదలలను క్రమం తప్పకుండా పరీక్షింపజేయాలి. గర్భంలో ఉండగా స్టెరాయిడ్ ఇచ్చిన తేదీ, మోతాదుల సంఖ్య బిడ్డ ఆసుపత్రి చీటీలో ఉండటం ఆ పరీక్షలు చేసే వైద్యునికి ఉపయోగపడుతుంది.